వీరచిత్రకథల సంపుటములు: వాని యాకర్షణ, పరిశోధకుల కర్తవ్యము

సంచిక, సంపుటము అను రెండు మాటలును మన పత్రికాలోకమున నిత్యవ్యవహారమున నున్నవి. నెలకో, మూడు నెలలకో యొకసారి వెలువడు విడిభాగము సంచిక. అట్టి సంచికలు సంవత్సరమునకు చేరగా నేర్పడు మొత్తము సంపుటము. సంస్కృతమున సంపుట శబ్దమునకు అడుగును మూతయు గలసిన భరిణె యని యర్థము. రెండు చిప్పలు గలసి లోని వస్తువును కాపాడునట్లు రెండు అట్టల నడుమ విడిభాగములు చేరి నిలుచుట యీ మాటకు అచ్చుకాలమున గలిగిన యర్థవిస్తృతి. ఈ వ్యాసమున విచారింపదలచినది యట్టి సంపుటములలో నొక జాతిని గుఱించి. అమెరికాదేశమున పుట్టి నేడు లోకమంతట వ్యాపించిన సూపర్ హీరో కామిక్సులు, అనగా అతిమానుష శక్తులు గల వీరుల బొమ్మల కథలు, మొదట విడి సంచికలుగా వెలువడి, పిదప పెద్ద సంపుటములుగా కూర్చబడుచున్నవి. సంచికలను చదివినవారే సంపుటమును మఱల కొనుచున్నారు. సంచికను కంటనైన చూడనివారును సంపుటమును కోరుచున్నారు. ఈ కోరిక కేవలము బాలచాపల్యమా, లేక సాహిత్యపరిశోధకులు లెక్కింపదగిన కారణములు దీనియందు గలవా యనునది ప్రశ్న.

ఈ ప్రశ్నను హైదరాబాదు నగరమున ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమును, దాని నానుకొనియున్న తార్నాకను దృష్టియందుంచుకొని యడుగుటకు హేతువు కలదు. తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్సు కలదు. షాజహాను, ఔరంగజేబుల కాలపు పత్రములు మొదలుకొని విడి కాగితములు లక్షకు మించి యచట భద్రపఱుపబడి యున్నవి. అదే తార్నాకలో బాలసాహిత్యమును ప్రధానముగా ప్రచురించు 'మంచి పుస్తకం' అను సంస్థ కలదు. చందమామ మాసపత్రికలో ధారావాహికలుగా వెలువడిన సాహసకథలను చిత్రములతో గూడ పుస్తకరూపమున దెచ్చిన సంస్థ యిదియే. వీనికి సమీపమున 1918లో నారంభమైన విశ్వవిద్యాలయమును, 1939లో ప్రారంభోత్సవము జరిగిన దాని ఆర్ట్సు కళాశాలా భవనమును గలవు. విడికాగితమును దాచు సంస్థ యొకటి, విడికథను సంపుటముగా కూర్చు సంస్థ యొకటి, యీ రెంటిని పరిశీలింపవలసిన విద్యాస్థానము వేఱొకటి ఇట్లు చేరువ చేరువనే యుండుట మన విచారణకు మిక్కిలి యనుకూలము.

౧. పరదేశమున సంపుటముల పుట్టుక

కామిక్సు పుస్తకమే మొదట నొక సంపుటి యను సంగతి పలువు రెఱుగరు. అమెరికా వార్తాపత్రికలలో ఆదివారమున నచ్చగు బొమ్మకథలను ఏర్చి కూర్చి 1934లో 'ఫేమస్ ఫన్నీస్' అను పుస్తకమును పది సెంట్ల వెలకు అమ్మిరి. దానియందు క్రొత్త సృష్టి కంటె పునర్ముద్రణమే యెక్కువ. అట్టి పునర్ముద్రణములు చెల్లుబాటగుట చూచి ప్రచురణకర్తలు క్రొత్త కథలను వ్రాయించిరి. 1938 జూన్ తేదీతో వెలువడిన 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికలో జెర్రీ సీగెల్ వ్రాయగా జో షూస్టర్ బొమ్మలు వేసిన సూపర్‌మాన్ కథ ప్రకటితమయ్యెను. మఱుసటి సంవత్సరమే, అనగా 1939లో, సూపర్‌మాన్ పేరనే యొక పత్రిక పుట్టెను. దాని మొదటి సంచికలో నధికభాగము వెనుకటి కథల పునర్ముద్రణమే. కావున అతిమానుష వీరుని కథకు సంకలనము వార్ధక్యమున వచ్చిన యలంకారము గాదు. శైశవమునుండి తోడుగా నున్న లక్షణము.

అయినను ఆ సంచికలు నిలువయుంచుటకై చేసినవి కావు. అవి చవుక కాగితముపై నచ్చయ్యెను. కొయ్యగుజ్జులోని లిగ్నిన్ అను పదార్థము వలనను, ఆమ్లము వలనను అట్టి కాగితము కొలది యేండ్లకే పచ్చవాఱి పెళుసగును. రెండవ ప్రపంచయుద్ధకాలమున పాతకాగితమును సేకరించి మఱల గుజ్జు చేయు నుద్యమములు జరుగగా అసంఖ్యాకములైన సంచికలు నశించెను. 1954లో ఫ్రెడ్రిక్ వెర్థమ్ అను మనోవైద్యుడు కామిక్సులు బాలురను చెడగొట్టునని గ్రంథము వ్రాసెను. తల్లిదండ్రులును ఉపాధ్యాయులును కలవరపడిరి. ఆ సంవత్సరమే ప్రచురణకర్తలు తమకు తామే నియమావళిని విధించుకొనిరి. ఇట్టి నిందల నడుమ పాత సంచికలను దాచిన గ్రంథాలయము లరుదు. 1965లో జూల్స్ ఫీఫర్ అను చిత్రకారుడు పాత వీరకథలను కొన్నిటిని ఏర్చి, వానిపై తన విమర్శను జేర్చి యొక సంపుటిని ప్రకటించెను. పెక్కండ్రు పాఠకులకు ఆ తొలి కథలు అప్పుడే కంటబడినవి. సంకలనమును విమర్శయు నొక్క అట్టల నడుమ పుట్టుట గమనింపదగినది.

1986లో ఫ్రాంక్ మిల్లర్ రచించిన బాట్‌మాన్ కథ 'ది డార్క్ నైట్ రిటర్న్స్' నాలుగు భాగములుగా వెలువడి వెంటనే యొక పుస్తకమయ్యెను. అలన్ మూర్ వ్రాయగా డేవ్ గిబ్బన్స్ చిత్రించిన 'వాచ్‌మెన్' 1986-87లలో 12 సంచికలుగా వచ్చి 1987లో సంపుటముగా కూర్పబడెను. మార్వెల్ సంస్థ తన పాత కథలను గట్టి యట్టల సంపుటములుగా 1987లోను, డీసీ సంస్థ 1989లోను ప్రకటింప నారంభించినవి. వీపుపై పేరు గల పుస్తకరూపము వచ్చుటచేత, వీథి పత్రికల యంగడికి పరిమితమైన కథ పుస్తకవిక్రయశాలకును గ్రంథాలయపు బీరువాకును అర్హత పొందినది. ఆకర్షణకు ఇది బాహ్యకారణము. లోపలి కారణములను వేఱుగ విచారింతము.

౨. ఆకర్షణకు కారణములు

మొదటి కారణము సమగ్రత. అమెరికా నెలసంచికలో కథకు దక్కునది రమారమి 20 పుటలు మాత్రమే. ఒక్క వీరుడు పెక్కు పత్రికలలో నొకే నెలలో సంచరించును. ఒక పత్రికలో నారంభమైన యుద్ధము వేఱొక పత్రికలో ముగియును. 1985-86లలో వచ్చిన 'క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్' వంటి 12 సంచికల మహాకథ ఆ సంస్థవారి యితర పత్రికలలోనికిని ప్రాకినది. ఏది ముందు, ఏది వెనుక యను క్రమమును తెలిసికొనుట క్రొత్త పాఠకునకు శ్రమ. సంపుటమును కూర్చువాడు ఆ శ్రమను తాను వహించి పౌర్వాపర్యమును నిర్ణయించును. పూర్వపండితులు చెదరిన తాటాకులను వరుసపెట్టి గ్రంథపాతములను గుర్తించిన కార్యమునకును దీనికిని స్వభావమున భేదము లేదు.

రెండవది మన్నిక. సంచికను చేతబట్టి చదువుటకే వెఱచు స్థితి ప్రాప్తించినప్పుడు పాఠకునకు కథ దూరమగును. ఆమ్లరహితమైన కాగితముపై, కుట్టిన కట్టుతో వచ్చు సంపుటము చదువదగినది; చదివించదగినది. పాత సంచిక యొకటి వేలంపాటలో నిధివలె అమ్ముడగుచుండగా అదే కథ సంపుటరూపమున విద్యార్థికిని అందుచున్నది. ఇట్లు సంపుటము వస్తుప్రీతిని కథాప్రీతినుండి వేఱుచేయుచున్నది. సంచిక సేకరించువాని సొత్తు. సంపుటము చదువరి సొత్తు.

మూడవది చూపు యొక్క లాభము. బొమ్మకథలో అర్థము వాక్యమునందు మాత్రమే గాక పుట యొక్క కూర్పునందును ఉండును. వాచ్‌మెన్ కథలో పుటను తొమ్మిది గడులుగా విభజించు పద్ధతి ఆద్యంతము సాగును. అందలి యైదవ భాగము నడుమనుండి యిరువైపులకు అద్దమున ప్రతిబింబించినట్లు రచింపబడినది. నెలకొక భాగము చదువువానికి తోచని యీ సౌష్ఠవము సంపుటమున పుటలు ముందువెనుకలు త్రిప్పువానికి స్పష్టమగును. ప్రబంధమునందు మొదటి యాశ్వాసమున నాటిన బీజము కడపటి యాశ్వాసమున ఫలించుటను ఎఱుగవలెనన్న గ్రంథమంతయు చేత నుండవలెను గదా.

నాలుగవది తులనము. ఒకే వీరుని కథను ఇరువది మంది రచయితలు ఇరువది తీరుల చెప్పుదురు. సంపుటములు ప్రక్కప్రక్కన నుంచినచో రచయిత మాఱినప్పుడు వీరుని శీలము ఎట్లు మాఱినది, చిత్రకారుడు మాఱినప్పుడు మొగము ఎట్లు మాఱినది, కాలము మాఱినప్పుడు శత్రువు ఎవ్వడైనాడు అను విషయములు కన్నులగట్టును. రామకథను రంగనాథ, భాస్కర, మొల్ల రామాయణములలో పోల్చి చూచు మన యభ్యాసము ఇట్టిదే.

అయిదవది గౌరవము. ఇంటిలో బీరువాయందు వరుసగా నిలుచు గట్టి యట్టల పుస్తకములు యజమానుని యభిరుచికి సాక్ష్యములు. దీనిని దంభమని కొట్టివేయ వలనుపడదు. బాల్యమున నింద్యమని తీసివేయబడిన వస్తువును పెద్దవాడైన పిదప గౌరవవస్తువుగా నిలుపుకొనుట యందు ఆత్మసమర్థన మొకటి కలదు. విశ్వవిద్యాలయ ప్రాంగణములలో నేడు వీరకథల సంపుటములు విద్యార్థులచే చేతులు మాఱుచుండుటకు చలనచిత్రముల ప్రేరణ కొంత కారణమేగాని, తాము చదివినది పుస్తకమే యని చెప్పుకొను ధైర్యమును సంపుటరూపము వారి కొసగినదనుట నిజము.

౩. తెలుగునాట వీరకథాచక్రములు

పెక్కుమంది కర్తలు, పెక్కుమంది వీరులు, ఒకే కథాజగత్తు అను లక్షణములు మనకు క్రొత్తవి కావు. యాదవవీరుడైన కాటమరాజును గుఱించిన కథలు ఒక్కటిగాక కథాచక్రముగా నున్నవి. ఒక కథలో ప్రధానుడైన వీరుడు వేఱొక కథలో సహాయుడుగా వచ్చును. ఒక కథలోని ప్రతిజ్ఞ మఱియొక కథలో తీరును. కొమ్ములవారు ఘట్టము ఘట్టముగా పాడుచు వచ్చిన యీ కథలను తంగిరాల వెంకట సుబ్బారావుగారు పరిష్కరింపగా ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1970ల దశకమున సంపుటములుగా ప్రకటించినది. అట్లే పిచ్చుకగుంట్లవారు పాడు పల్నాటి వీరుల కథను అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో పరిష్కరించి యచ్చు వేయించిరి. రాత్రికొక ఘట్టముగా వినబడిన కథ పుస్తకమై నిలిచినప్పుడు పరిశోధనకు పాత్రమైనది. వినువారి సంచిక రాత్రి. చదువువారి సంపుటము గ్రంథము.

సంపుటి సాక్ష్యముగా నిలుచుటకు హైదరాబాదునందే ప్రసిద్ధమైన యుదాహరణము కలదు. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరను మాటకు సమాధానముగా సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరించిరి. అందు 354 మంది కవుల రచనలు గలవు. పేరునకు సంచికయైనను అది స్వభావమున సంపుటియే. విడివిడిగా నున్నప్పుడు ఎవ్వరును లెక్కింపని పద్యములు ఒక్కచోట చేరినప్పుడు కాదనరాని ప్రమాణమైనవి. అంతకు పూర్వమును పెదపాటి జగ్గన 'ప్రబంధరత్నాకరము' వంటి సంకలనములలోని యుదాహరణపద్యముల వలననే కొన్ని లుప్తకావ్యముల యునికి మనకు తెలియవచ్చినది. కూర్చుట యనగా కాపాడుటయే యని మన సాహిత్యచరిత్ర పలుమాఱు బోధించినది.

జానపదసాహిత్యము విశ్వవిద్యాలయమునకు తగునా యను సంశయము ఒకప్పుడు బలముగా నుండెను. ఉస్మానియాయందు బిరుదురాజు రామరాజుగారు తెలుగు జానపదగేయ సాహిత్యముపై పరిశోధన చేసి పట్టము పొందుటతో ఆ సంశయము సమసినది. నేడు బొమ్మల కథల విషయమున వినవచ్చు సంశయమును అట్టిదే యగుటవలన పై దృష్టాంతమును పండితులు మనసునందుంచుకొనవలెను.

౪. చందమామ ధారావాహికలు: కర్తృత్వప్రశ్న

తెలుగున అమెరికా తరహా అతిమానుష వీరపత్రికలు విశేషముగా పుట్టలేదు. వాని స్థానమును బాలుర హృదయములలో నాక్రమించినవి చందమామ ధారావాహికలు. బి. నాగిరెడ్డి, చక్రపాణిగార్లు 1947 జూలైలో మద్రాసునందు ప్రారంభించిన యీ మాసపత్రిక తెలుగునందేగాక తమిళము మొదలగు పెక్కు భారతీయభాషలలో వెలువడి, 2013 నాటికి నిలిచిపోయెను. ఇందు 1954లో నారంభమైన 'తోకచుక్క' మొదలుకొని 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట', 'జ్వాలాద్వీపము', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గము', 'శిథిలాలయము', 'రాతిరథము', 'యక్షపర్వతము', 'మాయాసరోవరము', 'భల్లూకమాంత్రికుడు' అను 12 ధారావాహికలు నెలనెల బాలురను ఎదురుచూడజేసినవి. చిత్ర యను పేర ప్రసిద్ధులైన టి. వి. రాఘవన్‌గారి రంగుబొమ్మలు వీనికి ప్రాణము. ఇవి గడులుగా విభజింపబడిన కామిక్సులు గావు. వచనమును చిత్రమును ఒకే పుటపై జతగా నడచు కథలు. అయినను రాక్షసులు, మాంత్రికులు, వింతమృగములు, తెగింపుగల యువకులు, నెలచివర ప్రాణాపాయము, మఱుసటి నెల విమోచనము అను నిర్మాణముచేత వీరకామిక్సులకు మిక్కిలి సన్నిహితములు.

భేదమును ఒకటి గలదు. అమెరికా వీరునకు శక్తి జన్మచేతనో, ప్రమాదముచేతనో, యంత్రముచేతనో లభించును. మన ధారావాహికలలో మంత్రశక్తి తఱచుగా శత్రుపక్షమున నుండును. శిథిలాలయములోని శిఖిముఖి, విక్రమకేసరులకు గాని, మాయాసరోవరములోని జయశీల సిద్ధసాధకులకు గాని ముఖ్యమైన యాయుధములు ధైర్యమును స్నేహమును. వీరుడు ఒంటరి గాక జంటగా సంచరించుటయు గమనింపదగినది.

ఈ 12 కథల కర్త దాసరి సుబ్రహ్మణ్యంగారు (1932-2010). ఆయన 1952లో చందమామయందు చేరి యర్ధశతాబ్దమునకు మించి పని చేసిరి. అయినను సంచికలలో ఈ ధారావాహికలపై ఆయన పేరు లేదు. సంపాదకవర్గమునకు చెందినవారి రచనలను పేరు లేకయే ప్రకటించుట యా పత్రిక యాచారము. కథలను ప్రాణముగా ప్రేమించిన బాలురు పెద్దవారైన పిదప చిరకాలమునకు గాని కర్త యెవ్వరో యెఱుగరు. ధారావాహికలు పుస్తకములైనప్పుడు ముఖపత్రమున కర్త పేరు నిలిచినది. ఒక్క సంచికలనే సాక్ష్యముగా గొని సాహిత్యచరిత్ర వ్రాసెడి వాడు ఈ కథలను అజ్ఞాతకర్తృకములని వ్రాయవలసివచ్చెడిది. సంపుటము ఇచట ఆ లోపమును దిద్దినది. మన పరిషత్తులు కర్తృత్వనిర్ణయమునకై ఎన్ని వాదములు సలిపినవో యెఱిగిన పండితులకు దీని విలువను వేఱుగ చెప్పనక్కఱలేదు.

పరదేశమునను ఇట్టి కథయే నడచినది. సీగెల్, షూస్టరులు 1938లో 130 డాలర్లకు సూపర్‌మాన్ హక్కులను విక్రయించిరి. వారి పేర్లు కథలనుండి తొలగింపబడి చిరకాలమునకు, 1970ల దశకమున, మఱల చేర్పబడెను. 1939లో బాట్‌మాన్ సృష్టియందు ప్రధానభాగస్వామి యైన బిల్ ఫింగర్ పేరునకు అధికారికముగా గుర్తింపు వచ్చినది 2015లో. అప్పటికి ఆయన గతించి నలువది యేండ్లు మించినది. సంపుటమునకు ముఖపత్రము గలదు. ముఖపత్రమునకు కర్త నామము కావలెను. కావున సంకలనము చేయువానికి ఎవ్వరు వ్రాసిరను ప్రశ్నను తప్పించుకొన వీలులేదు.

ఐనను సంపుటము ఎల్లప్పుడు కర్తకు మేలే చేయునని భ్రమింపరాదు. వాచ్‌మెన్ గ్రంథము అచ్చులో లేకుండ పోయినచో హక్కులు కర్తలకు మఱలునట్లు ఒడంబడిక యుండెను. సంపుటము ఎడతెగక యచ్చగుచుండుటచేత హక్కులు ప్రచురణకర్తల యొద్దనే నిలిచినవి. పాఠకులకు కలిగిన లాభమే కర్తకు నష్టమైనది. మన దేశమున పాత పత్రికల కథలను పుస్తకములుగా దెచ్చువారు కర్తకును వారసులకును రావలసిన దానిని గుఱించి ముందే యోచింపవలెనని యీ దృష్టాంతము హెచ్చరించుచున్నది.

౫. సంపుటమున పోవునవి

సంపుటము చేర్చునదే గాక విడుచునదియు గలదు. సంచిక ముఖచిత్రము, ప్రకటనలు, పాఠకుల లేఖలు, వెల, తేదీ అను వానిని సంకలనకర్త అనవసరములని తొలగించును. సాహిత్యచరిత్రకారునకు అవియే యమూల్యములు. ఏ వస్తువుల ప్రకటనల నడుమ ఆ కథ యచ్చైనది, ఏ యూరి బాలుడు ఏమని లేఖ వ్రాసెను, వెల ఎప్పుడు పెరిగెను అనునవి చదువరుల సంఘమును చూపు కిటికీలు. చందమామకు వడ్డాది పాపయ్య, ఎం. టి. వి. ఆచార్యగార్లు వేసిన ముఖచిత్రములు ధారావాహికలకు సంబంధించినవి కాకున్నను, ధారావాహికలను చదివిన బాలుడు ముందుగా చూచినది వానినే.

ధారావాహిక యొక్క ప్రతి భాగమునకు తలపున జరిగిన కథను సంగ్రహముగా చెప్పు పంక్తులుండును. సంపుటమున అవి పునరుక్తులని తోచును. కాని యవి కేవలము జ్ఞాపకముచేయు పంక్తులు గావు. నడచిన కథలో ఏది ముఖ్యమని రచయితయో, సంపాదకుడో ఆ నెల తలచెనో తెలుపు వ్యాఖ్యలవి. మధిర సుబ్బన్న దీక్షితులుగారి 'కాశీమజిలీ కథల'లో మజిలీ మజిలీకి గురుశిష్యుల ప్రస్తావన వచ్చుట వలె, అవి కథాగమనమునకు మైలుఱాళ్లు. తొలగించినయెడల ఏ భాగము ఎచ్చట ముగిసినదో యైన గుర్తింపవలెను. అట్లు గుర్తింపని సంపుటమున ఆపదలు ఏల యింత వెంటవెంటనే వచ్చుచున్నవో చదువరికి బోధపడదు. నెల రోజుల విరామమును లెక్కించి రచించిన కథ విరామము లేక చదువబడినప్పుడు తొందరపాటుగా తోచును. ఆ దోషము కర్తది గాదు, కూర్పుది.

రంగుల విషయము మఱియొకటి. చవుక కాగితము సిరాను పీల్చుకొని రంగును మెత్తపఱచునని యెఱిగియే నాటి చిత్రకారులును ముద్రాపకులును గాఢవర్ణములను వాడిరి. ఆ వర్ణములనే తెల్లని నున్నని కాగితముపై నచ్చొత్తినచో కన్నులు చెదరును. అందుచేత అమెరికా ప్రచురణకర్తలు పెక్కు సంపుటములలో రంగులను మఱల వేయించిరి. ఇది పాఠపరిష్కరణముతో సమానమైన కార్యము. తాళపత్రమున లేని యక్షరమును పరిష్కర్త చేర్చినప్పుడు కుండలీకరణమున చూపును. రంగు మార్చినవాడు మాత్రము చెప్పకయే మార్చును. చెప్పుట న్యాయము.

కడపట పోవునది నిరీక్షణ. అనంత్ పైగారు 1967లో ఆరంభించిన అమరచిత్రకథలలో మహాభారతము 1980ల దశకమున 42 సంచికలుగా వెలువడి పిదప మూడు సంపుటములైనది. సంచికలకై యెదురుచూచి చదివిన బాలునకు భారతము ఏండ్ల తరబడి సాగిన యనుభవము. సంపుటముల చదువరికి కొలది దినముల యనుభవము. రెండును సత్యములే. పరిశోధకుడు ఒకదానిని మఱియొకదానిగా భ్రమింపకున్న చాలును.

౬. కర్తవ్యము

పై విచారణమువలన తేలినది యిది. వీరకథాసంపుటముల యాకర్షణకు మూలము సమగ్రతయందును, మన్నికయందును, పుటనిర్మాణమును తులనముచేసి చూచు సౌలభ్యమునందును, కర్తకు దక్కు గౌరవమునందును గలదు. ఇవి యన్నియు సాహిత్యపరిశోధకుడు తన గ్రంథములయందు కోరునవియే. కావున ఈ చదువరుల కోరిక మన కోరికకు అన్యము గాదు.

దీనినిబట్టి మూడు కార్యములు కర్తవ్యములుగా తోచుచున్నవి. మొదటిది, విశ్వవిద్యాలయ గ్రంథాలయములును ప్రాంతీయ గ్రంథాలయములును సంపుటమును కొన్నామను నెపముతో పాత సంచికలను తీసివేయరాదు. తార్నాకలోని ఆర్కైవ్సువంటి సంస్థలు విడి కాగితమును దాని మొదటి క్రమమునందే యుంచుట యేల ముఖ్యమని భావించునో, ఆ న్యాయమే బాలపత్రికలకును వర్తించును. సంచిక ప్రమాణము, సంపుటము ప్రచారము, రెండును వలయును. రెండవది, ధారావాహికలను పుస్తకములుగా ప్రకటించువారు ఒక్క పుటయైన కేటాయించి, ఏ నెలనుండి ఏ నెలవఱకు కథ నడచినది, భాగములెన్ని, చిత్రకారు డెవ్వడు, ఏవి తొలగింపబడినవి, రంగులు మార్పబడినవా లేదా యను విషయములను తెలుపవలెను. వావిళ్లవారి ప్రతులలోని పీఠికలను మెచ్చుకొను మనము బాలసాహిత్యమునకు పీఠిక యక్కఱలేదని తలచుట తగదు.

మూడవది పాఠశాలాపండితులకు సంబంధించినది. బాలుడు తరగతికి బొమ్మకథల సంపుటమును దెచ్చినప్పుడు దానిని లాగుకొనక, దానిని గుఱించి యడుగదగిన ప్రశ్నలు గలవు. దీనిని వ్రాసినదెవ్వరు, బొమ్మలు వేసినదెవ్వరు, మొదట ఎచ్చట ఎప్పుడు అచ్చైనది, ఒక భాగము ఎచ్చట ముగిసి వేఱొకటి ఎచ్చట మొదలైనది అని యడిగినచో, ఆ బాలునకు గ్రంథపరిశోధన యొక్క మొదటి పాఠము కష్టము లేక యబ్బును. తోకచుక్క కర్త పేరును తాను చెప్పగలిగిన విద్యార్థి, పెద్దవాడైన పిదప తాళపత్రప్రతి చివరి గద్యలో కర్త పేరును వెదకుటకు జంకడు.

చందమామ సంచికలు నేటికిని తెలుగువారి యిండ్లలో అటకలపైనను, పెట్టెలలోను, తండ్రులు తాతలు కుట్టించిన కట్టలుగాను ఉన్నవి. అట్టి కట్టలలో ముఖచిత్రములు, ప్రకటనలు చెక్కుచెదరక యుండుట కలదు. ఇండ్లు మాఱునప్పుడు అవి తూకమునకు పోవుచున్నవి. వానిని సేకరించి, సంచికలవారీగా పట్టికలు వ్రాసి, లోపములను గుర్తించు కార్యమును సాహిత్యసంస్థలు చేపట్టినయెడల, రాబోవు సంకలనకర్తలకు విశ్వసనీయమైన మాతృకలు లభించును. విజ్ఞులు ఈ విషయమును పరిశీలించి, తమ తమ యూళ్లలో నున్న కట్టలను గుఱించి విచారింతురు గాక.